కొలత, కొసరు

బిలాస్‌పూరు రైల్వే బస్తీలో ఆదివారమునకు ప్రత్యేకమైన నిశ్శబ్దము లేదు. ఆదివారమని రైలు ఆగదు గదా! హౌరా నుండి నాగపూరు మీదుగా ముంబయికి పోయే బండ్లు, కట్నీ వైపు తిరిగే బండ్లు, కోర్బా గనుల బొగ్గు మోసుకొని వచ్చే గూడ్సు బండ్లు ఆ దినమున కూడ అట్లే కూతలు వేస్తూ పోతుంటవి. మా దేవాలయములో గురువుగారు సువిశేషము చదువుచుండగా ఇంజను కూత వినబడితే ఆయన ఒక్క క్షణము ఆగి, కూత ముగిసిన పిమ్మట మరల అందుకొనేవారు. చిన్ననాడు నాకది విసుగుగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అది తగిన ఏర్పాటే అనిపిస్తున్నది. ఆదివారము విన్న మాట సోమవారపు కూతల నడుమ నిలువవలసినదే గదా!

మా కుటుంబము ఇక్కడికి రైలు పట్టాల వెంటనే వచ్చినది. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది. 1891 నాటికి దాని దారి నాగపూరు నుండి బిలాస్‌పూరు మీదుగా అసన్‌సోలు వరకు కలిసినది. ఆ కంపెనీ పనులలోనికి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు ఖరగ్‌పూరునకు వలెనే ఇక్కడికిని తరలివచ్చినారు. మా తాత అట్లు వచ్చినవారిలో ఒకడు. అదే 1887లో ఇంకొక సంగతి కూడ జరిగినది. ఆల్ప్సు పర్వతముల చెంతనున్న అనెసీ పట్టణము నుండి 1846లో వచ్చిన గురువుల కతోలిక మిషను విశాఖ తీరమున మొదలై మధ్య పరగణాల వరకు వ్యాపించియుండగా, ఆ సంవత్సరముననే నాగపూరు వేరు పీఠముగా ఏర్పడినది. మా నాన్నమ్మకు ఈ చరిత్ర తెలియదు. కాని, ‘మన గుడి మనకంటె ముందే ఇక్కడికొచ్చీసింది’ అని ఆమె అనేది. మాటలో తేదీలు లేవు గాని, తప్పు కూడ లేదు.

ఈ పుటలు చదివేవారిలో కతోలికులు కానివారే ఎక్కువమంది కావచ్చును. కనుక ఆదివారపు పఠనములను గురించి కొంచెము చెప్పవలసి ఉన్నది. ప్రతి ఆదివారము దివ్యబలిపూజలో మూడు పఠనములు, ఒక కీర్తన ఉంటవి. మొదటిది సామాన్యముగా పాత నిబంధన నుండి, రెండవది అపొస్తలుల లేఖల నుండి, మూడవది సువిశేషము నుండి తీసికొన్నవి. మా నాన్నమ్మ యౌవనములో పఠనములు లాటిను భాషలో, ఏటేటా ఒకే వరుసలో వచ్చేవి. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన శాసనములో బైబులు భాండాగారమును ప్రజలకు మరింత విస్తారముగా తెరువవలెనని ఆదేశించినది. తదనుసారముగా 1969లో కొత్త పఠన క్రమము వచ్చినది. దాని ప్రకారము ఒక ఏడు మత్తయి, మరుసటి ఏడు మార్కు, మూడవ ఏడు లూకా. యోహాను సువిశేషము తపస్సు కాలమునకు, పాస్కా కాలమునకు విశేషముగా చెందినది. మూడేండ్లకు చక్రము తిరిగి మొదటికి వస్తుంది.

ఈ క్రమములో నాకు నచ్చిన గుణము ఒకటి కలదు. ఇది రైలు టైంటేబిలు వంటిది. గురువు తనకు ఇష్టమైన భాగమును ఏరుకొనుటకు వీలు లేదు. వినేవాడు తనకు కష్టమైన భాగమును తప్పించుకొనుటకును వీలు లేదు. దాని వేళకు అది వస్తుంది. ఎక్కితే ఎక్కవచ్చును, లేకున్న అది పోయిన తరువాత ప్లాట్‌ఫారము మీద నిలువబడి చూడవచ్చును.

మా దేవాలయములో పూజ హిందీలో జరిగేది. నాన్నమ్మకు బుధవారీ బజారులో బేరమాడుటకు చాలినంత హిందీ మాత్రమే వచ్చును. ప్రవక్తల హిందీ ఆమెకు అందదు. అందుచేత పూజ ముగిసి ఇంటికి వచ్చి అందరును అన్నమునకు కూర్చున్నప్పుడు, పదేండ్ల వాడినైన నేను ఆనాటి పఠనములను తెలుగులో చెప్పవలసి ఉండేది. అనువాదకునిగా నా మొదటి ఉద్యోగము అదే. తరువాత నేను హిందీలో ఎం.ఏ. చదివినాను. ఈ రెండు భాషల నడుమ రాకపోకలు సాగించుచునే ముప్పది ఏండ్లు గడిపినాను. కాని అంతటి కఠినురాలైన పరిష్కర్త నాకు మరల దొరకలేదు.

‘ఏట్రా, ఈ ఆదివారం మనకేటి సెప్పినారు?’ అని అడిగేది.

దేవుడు మంచివాడనియు, మనుష్యులందరును ఒకరినొకరు ప్రేమించవలెననియు చెప్పినారని నేను ముక్తసరిగా ముగించబోయేవాడను. ఆమె ఒప్పుకొనేది కాదు. ‘అది అందరికీ సెప్పిన మాట. మనకేటి సెప్పినారో అది సెప్పు’ అనేది.

ఆ ప్రశ్నలోని బరువు నాకు చాలకాలము తెలియలేదు. మూడేండ్లకొకమారు, సామాన్య కాలపు మూడవ ఆదివారమున నెహెమ్యా గ్రంథము నుండి ఒక పఠనము వస్తుంది. 2025లో అది జనవరి 26న, గణతంత్ర దినముననే వచ్చినది. బాబిలోను చెర నుండి తిరిగివచ్చిన ప్రజలు యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట కూడినారు. ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివినాడు. లేవీయులు దాని అర్థము విప్పి చెప్పినారు. యూదుల సంప్రదాయము అనువాద వృత్తికి మూలము అక్కడనే చూస్తుంది. కనుక ఆ పఠనము వచ్చినప్పుడెల్ల నాకు కొంత కులాభిమానము వంటిది కలుగుతుంది. కాని కథ అక్కడితో ముగియలేదు. విన్నవారు ఏడ్చినారు. ఏడువవద్దని, ఇండ్లకు పోయి భుజించి, ఏమియు వండుకొనలేనివారికి వారి పాలు పంపుమని పెద్దలు వారికి చెప్పినారు. చదువుట, విప్పి చెప్పుట, పంపుట అని మూడు మెట్లు. నేను మొదటి రెండింటిలో ప్రవీణుడను. నాన్నమ్మ అడిగినది మూడవదానిని గురించి.

ఆమె దానిని ఎట్లు చేసేదో ఒక ఉదాహరణ చెప్తాను. 1980 సెప్టెంబరు మాసము. అది లూకా సంవత్సరము. ఆ ఆదివారము మొదటి పఠనము ఆమోసు ప్రవక్తది. క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున తెకోవా అను ఊరిలో గొఱ్ఱెలు కాచుకొని, మేడి జాతి పండ్ల చెట్లు చూచుకొని బ్రతికిన మనుష్యుడు ఆమోసు. ఉత్తర రాజ్యమునకు పోయి అక్కడి వర్తకులను నిలదీసినాడు. విశ్రాంతి దినము ఎప్పుడు గడచునా, ధాన్యము ఎప్పుడు అమ్ముదుమా అని వారు తహతహలాడుచున్నారట. కొలపాత్రను చిన్నది చేసి, తూకపు రాయిని పెద్దది చేసి, త్రాసును వంచి, తాలు గింజలు సహా అమ్ముటకు ఎదురుచూచుచున్నారట. నేనిది నాన్నమ్మకు అప్పజెప్పినాను. ఎప్పటివలె ప్రశ్న రాలేదు. ఆమె అన్నము కలుపుట ఆపి, గోడకు తగిలించియున్న పాల కొలత వైపు చూచినది.

మా క్వార్టరు వెనుక రెండు గేదెలు ఉండేవి. నాన్నమ్మ బస్తీలోని పది పన్నెండు ఇండ్లకు పాలు పోసేది. అది అల్యూమినియము అరలీటరు కొలత. ఎప్పుడో జారిపడి అడుగున సొట్టపడినది. సొట్ట లోపలికి వంగినందున పాలు కొంచెము తక్కువ పట్టేవి. కావాలని చేసినది కాదు. ఎవరును అడిగినవారు లేరు. కాని ఆమెకు తెలియును. సోమవారము ఉదయము ఆమె కొలత తీసికొని బజారులో రేకు పనివాని వద్దకు పోయి సొట్ట తీయించినది. ఆ తరువాత చాల దినములు ప్రతి ఇంటను కొలత నిండిన పిమ్మట కొంచెము కొసరు పోసేది. ‘ఎందుకమ్మా ఇంత?’ అని ఎవరైన అడిగితే, ‘గేదె బాగా ఇస్తంది’ అనేది. ప్రసంగము చేయలేదు. తన పాపము గురించి ఎవరికిని చెప్పలేదు. చెప్పినచో కొసరు పోయుటకంటె అదే సులభముగా ఉండేదేమో!

మా నాయన గూడ్సు బండ్ల మీద గార్డు. ఆదివారములలో సగము ఆయనకు డ్యూటీలోనే గడిచేవి. ఇంటికి వచ్చి పెట్టె, లాంతరు దింపి, తాను వినని పఠనమును మా భోజన సభలోనే వినేవాడు. ఒక సమయమున ఆయనకు, ఒక డ్రైవరునకు మాటలు లేవు. ఎందుకు చెడినదో ఇప్పుడు గుర్తులేదు. ఒకే బండికి ఆ చివర ఆయన, ఈ చివర ఈయన. పచ్చజెండా చూపుట, కూత వేయుట తప్పక జరిగేవి. నియమము ప్రకారము ఒకరికొకరు సమాధానము చెప్పుకొనేవారు, మనుష్యులుగా మాత్రము పలుకరించుకొనేవారు కారు. మత్తయి సంవత్సరములో ఒక ఆదివారము, బలిపీఠము వద్దకు కానుక తెచ్చినవాడు తనపై సోదరునకు కోపము కలదని గుర్తు వస్తే, కానుక అక్కడనే విడిచి ముందు అతనితో సమాధానపడవలెనను భాగము వచ్చినది. నేను చెప్పి ముగించినాను. నాయన ఏమియు అనక చేయి కడుగుకొని, చొక్కా తొడుగుకొని బయటికి పోయినాడు. గంట తరువాత తిరిగి వచ్చి, ‘వాళ్లింట్లో టీ బాగుంది’ అన్నాడు. అంతే.

ఇటువంటి ఇంటిలో పెరిగినవాడను నేను. కనుక నా సంగతి చెప్పుట కష్టముగా ఉన్నది.

నాకు నలుబది ఏండ్లు దాటిన తరువాత మా దేవాలయములో పఠనములు చదువువారిలో ఒకనిగా నన్ను నియమించినారు. ముందు దినము రాత్రి పాఠమును రెండు మూడుసార్లు చదివి చూచుకొనేవాడను. మన కాలమున హిందీలో కొత్త నిబంధనను అనువదించినవారిలో ఫాదర్ కామిల్ బుల్కే గొప్పవాడు. ఆయన 1909లో బెల్జియములో పుట్టి, 1935లో మన దేశమునకు వచ్చి, రామకథ పుట్టుకను, వికాసమును గురించి అలహాబాదు విశ్వవిద్యాలయమునకు హిందీలోనే సిద్ధాంత గ్రంథము సమర్పించి, రాంచీలో నిఘంటువు కూర్చి, 1982లో కన్నుమూసినాడు. అటువంటి పెద్దల హిందీని నోరార పలుకుటలో ఒక ఆనందము ఉన్నది. ఏ పదము వద్ద ఊపిరి తీసికొనవలెనో, ఏ క్రియను నొక్కి పలుకవలెనో నాకు బాగుగా తెలియును. జనులు మెచ్చుకొన్నారు. క్రమముగా నేను వాక్యమును వినుట మానివేసి నా గొంతును వినుట మొదలుపెట్టినాను.

విన్నప్పుడైనను రెండు విధముల తప్పుగా వినేవాడను. ఒకటి, వారఫలాలు చూచుకొనునట్లు ఈ వారము నాకేమి మేలు వ్రాసియున్నదో వెదకుట. రెండు, ఈ మాట ఫలానా వానికి సరిగ్గా తగిలినదిరా అని పక్క బెంచీ వైపు చూచుట. ఈ రెండవ జబ్బు మా బస్తీలో చాలమందికి ఉన్నది. పరిసయ్యుని కథ వచ్చినప్పుడు మాలో ఎవడును తన్ను పరిసయ్యుడనుకొనడు.

2013 నుండి మా ఇంట అంట్లు తోమి, ఇల్లు ఊడ్చుటకు ఒక స్త్రీ వచ్చేది. స్టేషనుకు ఆవలి వైపున తారబాహర్ అను బస్తీ ఉన్నది. ఆ పేరునకు ‘తీగకు వెలుపల’ అని అర్థము. రైల్వే స్థలము చుట్టును వేసిన తీగకు బయట ఉన్నది గనుక ఆ పేరు వచ్చినదని మా పెద్దలు చెప్పేవారు. ఆమె ఆ దిక్కు నుండి వచ్చేది. ఇక్కడి వాడుక ప్రకారము మేమామెను ‘బాయీ’ అని పిలిచేవారము. నెలకు 1,500 రూపాయలు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలైనప్పుడు, రావద్దని ఆమెకు చెప్పినవాడను నేనే. ఏప్రిలు జీతము పంపినాను. మే, జూన్, జూలై జీతములు పంపలేదు. ఆగస్టులో ఆమె తిరిగి పనిలోనికి వచ్చినది. ఆ మూడు నెలల మాట ఆమె ఎత్తలేదు. మా ఆవిడ ఒకటి రెండుసార్లు ఎత్తినది. నాకును అనువాదపు పనులు ఆగిపోయినవనియు, అందరును ఇట్లే చేయుచున్నారనియు నేను చెప్పినాను. రెండును నిజములే. నిజములతోనే మనుష్యుడు తన్ను తాను ఎక్కువ మోసగించుకొనునని అప్పుడు నాకు తోచలేదు.

2020 సెప్టెంబరు 20 ఆదివారము సువిశేషము ద్రాక్షతోట కూలీల కథ. మేము పూజను ఇంటనే మొబైలు ఫోనులో చూచినాము. యజమాని ఉదయము నుండి కూలీలను పిలుచుచునే ఉన్నాడు. ప్రొద్దు వాలినాక కూడ బజారులో నిలిచియున్నవారిని, ఎందుకు ఊరక ఉన్నారని అడిగినాడు. తమ్మెవరును పనికి పిలువలేదని వారు చెప్పినారు. సాయంకాలము వారికిని దినమంతటి కూలి ఇచ్చినాడు. ఆ ఏడు మే మాసమున మా స్టేషనులో ప్రత్యేక రైళ్లు దిగిన వలస కూలీలను తలచుకొని నా కన్నులు చెమర్చినవి. దేశమును గురించి, ప్రభుత్వములను గురించి మా ఆవిడతో చాలసేపు మాట్లాడినాను. వంటింటిలో అంట్ల చప్పుడు వినబడుచునే ఉన్నది. ఆ క్రిస్మసుకు బాయీకి ఒక చీర కొని ఇచ్చినాను. లెక్క తీరినట్లే అనుకొన్నాను. 2022లో మోకాళ్ల నొప్పులవలన ఆమె పని మానుకొన్నది.

2025 మరల లూకా సంవత్సరము. సెప్టెంబరు 21 ఆదివారము ఆమోసు కొలపాత్ర పఠనము తిరిగి వచ్చినది. చదివినవాడను నేనే. మధ్యాహ్నము భోజనముల వద్ద, ఈ పఠనము వచ్చినప్పుడెల్ల చెప్పునట్లే, నాన్నమ్మ కొలత కథ చెప్పినాను. మా ఆవిడ విని, వడ్డన ఆపకుండనే అన్నది: ‘నాన్నమ్మగారి సొట్ట సంగతి మూడేళ్లకొకసారి చెప్తారు. మన సొట్ట మాట ఎప్పుడండీ?’

ఏ సొట్ట అని నేను అడుగలేదు. అడుగకపోవుటయే నాకు సాక్ష్యము.

మా ఇండ్లలో వంటింటి గోడకు విచారణ వారి క్యాలెండరు వ్రేలాడుతుంటుంది. ఆదివారపు గడిలో ఆనాటి పఠనముల అధ్యాయములు, వచనముల అంకెలు అచ్చువేసి ఉంటవి. ఆ గడులలోనే ఇల్లాండ్రు పాల లెక్క, గ్యాసు తెచ్చిన తేదీ, పనిమనిషి నాగాలు పెన్సిలుతో వ్రాసికొంటారు. పాత క్యాలెండరు కాగితముల వెనుక వైపున నేను చిత్తుప్రతులు వ్రాయుదును గనుక మా ఇంట అవి పారవేయరు. ఆ సాయంకాలము మా ఆవిడ కట్టలో నుండి 2020 కాగితములు వెదకి తెచ్చినది. వెనుక వైపున నా అనువాదపు కొట్టివేతలు, దిద్దుబాట్లు. ముందు వైపున మార్చి 25 నుండి వరుసగా సున్నలు. మే, జూన్, జూలై కాగితముల పైభాగమున తెలుగు అక్షరములలో ఒక పేరు, దాని పక్కన ‘ఇవ్వవలె’ అను మాట.

‘ఇదెవరి పేరు?’ అని అడిగినాను.

మా ఆవిడ నా ముఖము వైపు చూచి, ‘తొమ్మిదేళ్లు మన ఇంట్లో పనిచేసింది. ఆమె పేరు మీకు తెలియదా?’ అన్నది.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పుట్టిన వారమును బట్టి పేరు పెట్టుట కలదు. ఆమె పేరు అటువంటిదే. దానినిక్కడ వ్రాయను, అది ఆమెది.

అప్పటికైనను వెంటనే పోయినానా? లేదు. వారమంతయు ఏదో పని ఉన్నదనుకొన్నాను. సెప్టెంబరు 28న ధనికుడు, లాజరు కథ వచ్చినది. యేసు చెప్పిన ఉపమాన పాత్రలలో స్వంత పేరు గలవాడు లాజరు ఒక్కడే. ధనికునకు పేరు లేదు. ప్రసంగములలో ఈ మాట పలుమారు విన్నాను. కాని ఆ ఉదయము నాకు తట్టినది వేరొకటి. చనిపోయిన తరువాత వేదన పడుచున్న ధనికుడు, నీటిలో వ్రేలు ముంచి తన నాలుక చల్లార్చుటకు లాజరును పంపుమని అబ్రహామును వేడుకొంటాడు. అనగా అతనికి ఆ పేరు తెలియును. గుమ్మము ముందు పడియున్నవాని పేరు అతడెరిగియే యున్నాడు. అక్కడ కూడ అతనిని పని మీద పంపవలసిన వానిగానే తలచుట అతని దోషము కావచ్చును. కాని పేరు తెలిసియుండుటలో అతడు నాకంటె ఒక మెట్టు మేలు.

మా ఊరి స్టేషనుకు సాహిత్యములో ఒక స్థానమున్నది. రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రకటించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకి’ అను కవిత ఉన్నది. ఫాంకి అనగా వంచన. జబ్బుపడిన భార్యను గాలిమార్పునకు తీసికొనిపోవుచు ఒకడు బిలాస్‌పూరులో బండి మారుటకు ఆరు గంటలు ఆగుతాడు. అక్కడ రుక్మిణి అను కూలివాని భార్య కూతురి పెండ్లికి సాయమడిగితే, ఇరువదియైదు రూపాయలు ఇమ్మని భార్య భర్తను కోరుతుంది. అతడు సరేనని, చాటుకు పోయి ఆ పేదరాలిని గద్దించి రెండు రూపాయలు ఇచ్చి పంపుతాడు. కొంతకాలమునకు భార్య చనిపోతుంది. ఆమెతో ఆడిన అబద్ధము దిద్దుకొనుటకు అతడు మరల బిలాస్‌పూరు వస్తాడు. రుక్మిణి ఎచ్చటికి పోయినదో చెప్పగలవారు లేరు. ఆ కవితను ఎన్నిసార్లు చదివినానో లెక్క లేదు. ఛందస్సును గురించి, కథనమును గురించి మిత్రులతో చర్చించినాను. నేనిచ్చిన చీర ఆ రెండు రూపాయలని మాత్రము ఆ ఆదివారము వరకు తోచలేదు. ఆ భర్తకు లేనిది నాకొకటి ఇంకను మిగిలి ఉన్నది. అది గడువు.

పూజ ముగిసినవెంటనే మా ఆవిడను వెంటబెట్టుకొని తారబాహర్ దిక్కునకు పోయినాను. ఇల్లు ఆమెకు తెలియును. ఒక గవరులో అయిదు వేల రూపాయలు పెట్టుకొన్నాను. మూడు నెలల జీతము 4,500. పైన అయిదు వందలు నా ఉదారత.

ఆమె గుమ్మములో కూర్చుండి బియ్యములో రాళ్లు ఏరుకొనుచున్నది. మమ్ములను చూచి లేవబోయి, మోకాళ్లు పట్టుకొని మరల కూర్చున్నది. నేను ఆమెను పేరుతో పిలిచినాను. ఆమె తల ఎత్తి నన్ను చూచి, తరువాత మా ఆవిడను చూచినది. ఎందుకు వచ్చినామో చెప్పినాను. దారిలో కూర్చుకొన్న వాక్యములు ఏవియు నోటికి రాలేదు. ‘మూడు నెలల జీతము బాకీ ఉన్నాను’ అని మాత్రము అనగలిగినాను.

ఆమె గవరు పుచ్చుకొని నోట్లు మెల్లగా లెక్కపెట్టినది. అయిదు వందల నోటు ఒకటి వేరు చేసి నా చేతిలో పెట్టినది.

‘నాలుగు వేల అయిదు వందలే, బాబూ’ అన్నది.

ఉంచుకొమ్మన్నాను. తల అడ్డముగా ఊపినది. ఆ చీర సంగతి కూడ తానే ఎత్తి, ‘అది పండుగకు ఇచ్చినారు. దీనిలో కలుపకూడదు’ అన్నది. ఆమె గొంతులో కోపము లేదు, కృతజ్ఞతయు లేదు. అయిదేండ్లుగా ఆమె వద్ద లెక్క ఉన్నది. లెక్క సరిపోయినది, అంతే. లోపలినుండి ఆమె కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చుచు, ఆ ఏడు వర్షాకాలములో అత్తగారి కాళ్ల వెండి కడియములు కుదువపెట్టినామని, మరల విడిపించుకొనలేకపోయినామని చెప్పినది. నిందగా చెప్పలేదు. అడిగినదానికి జవాబుగా కూడ చెప్పలేదు. నీళ్ల గ్లాసు పట్టుకొని నేను చాలసేపు నిలుచున్నాను. 2020 మే నెలలో అందవలసిన రూపాయియు, 2025 సెప్టెంబరులో అందిన రూపాయియు ఒకటి కావని అర్థశాస్త్రము చదువకుండనే నాకు తెలిసినది.

ఇంటికి వచ్చుచు దారిలో నాన్నమ్మను తలచుకొన్నాను. ఆమె ముందు సొట్ట తీయించినది, తరువాత కొసరు పోసినది. ఆ వరుసలోని ధర్మము నలుబదియైదు ఏండ్లు ఆ కథ చెప్పుచు కూడ నేను గ్రహించలేదు. నేను సొట్ట అట్లే ఉంచి కొసరు పోసినాను, దానికి దానమని పేరు పెట్టుకొన్నాను. మా పఠనములలో ప్రవక్త ముందు, సువిశేషము తరువాత వచ్చును. కొలత సరిచేయుమని ప్రవక్త చెప్పినదాని పిమ్మటనే, గుమ్మము ముందున్న వానిపై కనికరము చూపుమని సువిశేషము చెప్తుంది. బాకీ చెల్లించని చేతితో ఇచ్చిన దానము వంచనయే. ఠాకూరు కవితకు ఆ పేరే పెట్టినాడు.

ఆ మరుసటి ఆదివారము నేనే మరల చదువవలసి వచ్చినది. పాఠము నడుమ కట్నీ బండి కూత వేసినది. నేను ఆగినాను. ఆ కొద్ది క్షణములలో ఎదుటి బెంచీల వైపు చూడక పుస్తకము వైపే చూచినాను. ఇంటికి వచ్చి అన్నమునకు కూర్చున్నప్పుడు, ఇప్పుడు మా ఇంట పనికి వచ్చే ఆమె ఆ నెలలో రెండు దినములు జ్వరముతో రాలేదని క్యాలెండరులో గుర్తు కనబడినది. ఆ నాగాలకు జీతము కోయవద్దని మా ఆవిడతో అన్నాను. ‘ఎప్పుడూ కోయలేదు’ అన్నది ఆమె. క్యాలెండరు గడిలో ఆమె పేరు చదివి, ఆ పేరుతోనే ఆమెకు ఆరోగ్యము ఎట్లున్నదని అడిగినాను.